అమ్మకి ఇల్లు కావాలా, మంచం కావాలా?

"తల్లిదండ్రుల్ని హోమ్‌లో చేర్చారట!"

ఈ ఒక్క మాట ఎవరి నోట వినాల్సి వస్తుందోనన్న జంకుతో చాలా ఇళ్ళల్లో అసలా ప్రస్తావనే తీసుకురారు. తీరా తప్పనిసరైన రోజు వచ్చేసరికి అమ్మ ఆస్పత్రి మంచం మీద ఉంటుంది. కొడుకు అమెరికాలోనో, కూతురు బెంగుళూరులోనో ఉంటారు. నాలుగు రోజుల సెలవులో ఏదో ఒకచోట చేర్చేసి వెళ్ళాలి. అలా ఆదరాబాదరాగా చూసిన చోటు నచ్చకపోతే బాధపడేది అమ్మే. అందుకే, పెద్దవాళ్ళు కాలూ చెయ్యీ ఆడుతూ తిరుగుతున్నప్పుడే ఈ సంగతి కూర్చుని మాట్లాడుకోవడం మంచిది.

పేర్లతోనే తికమక

నర్సింగ్ హోమ్ అంటే మనకి తెలిసింది పురుళ్ళూ ఆపరేషన్లూ చేసే చిన్న ప్రైవేటు ఆస్పత్రి. అమెరికాలో ఆ మాటకి అర్థం వేరు. తమ పనులు తాము చేసుకోలేని పెద్దవాళ్ళు నెలల తరబడి, ఏళ్ళ తరబడి నర్సుల కనుసన్నల్లో ఉండే చోటది. అక్కణ్ణించి కొడుకు "అమ్మా, ఒక మంచి నర్సింగ్ హోమ్ చూద్దాం" అంటే, ఇక్కడ తల్లి "నాకేం రోగమొచ్చిందిరా?" అని కంగారు పడదూ! మన దగ్గర అలాంటి వాటిని ఎక్కువగా కేర్ హోమ్ అంటున్నారు.

రిటైర్మెంట్ కమ్యూనిటీ సంగతి పూర్తిగా వేరు. అరవై దాటినవాళ్ళ కోసం కట్టిన కాలనీ అనుకోండి. ఎవరి ఫ్లాటు వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. వండుకునే ఓపిక లేకపోతే భోజనాల హాలుంటుంది. సాయంత్రం నడవడానికి దారి, నలుగురితో కబుర్లు, అవసరమైతే నొక్కడానికి గంట. కోయంబత్తూరు ఈ కాలనీలకి పేరు పడింది. ఇప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కలా వచ్చాయి.

అంటే ఒకచోట దొరికేది ఇల్లు. మరోచోట దొరికేది మంచం, ఆ మంచం పక్కన మనిషి. ఏది గొప్ప అని కాదు, మన పెద్దవాళ్ళకి ఇప్పుడేది అవసరం అన్నదే చూసుకోవాలి.

ఆరు పనుల లెక్క

అవసరం తెలిసేదెలా? అమెరికాలో సిడ్నీ కాట్జ్ అనే డాక్టరు బృందం 1963లో ఒక తేలికైన లెక్క ప్రచురించింది. ఇప్పటికీ డాక్టర్లు దాన్ని వాడుతున్నారు. స్నానం చెయ్యడం, బట్టలు కట్టుకోవడం, బాత్రూమ్‌కి వెళ్ళిరావడం, మంచం మీంచి లేచి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాల మీద పట్టుండటం, కంచంలో అన్నం తనంతట తాను తినడం - ఈ ఆరూ.

ఆరూ సొంతంగా చేసుకోగలిగితే ఆ మనిషికి కావలసింది తోడు, భద్రత. కాలనీ సరిపోతుంది. ఒకటి రెండింటికి చెయ్యి సాయం కావాలంటే, గదికి వచ్చి ఆ సాయం చేసే ఆయా ఉన్న చోటు వెతకాలి. నాలుగైదు పనులకి ఇంకొకరి మీద ఆధారపడితే ఎంత అందమైన ఫ్లాటైనా ఉపయోగం లేదు. రాత్రీ పగలూ నర్సులుండే కేర్ హోమే కావాలి. మతిమరుపు జబ్బు సంగతి మాత్రం వేరుగా చూడాలి. ఆరు పనులూ చేసుకుంటూనే గేటు దాటి దారి తప్పేవాళ్ళున్నారు మరి.

రంగుల పుస్తకంలో ఉండని ప్రశ్న

కాలనీవాళ్ళు ఇచ్చే రంగుల పుస్తకంలో ఈతకొలను ఉంటుంది, గుడి ఉంటుంది. మీరడగాల్సింది ఒకటే: "మా అమ్మ రేపు మంచం పడితే ఇక్కడే ఉంచుతారా, తీసుకెళ్ళిపొమ్మంటారా?"

కొన్నిచోట్ల అదే ఆవరణలో నర్సుల విభాగం ఉంటుంది. కొన్నిచోట్ల తమ పని తాము చేసుకోగలిగినంత కాలమే ఉండాలని షరతు ఉంటుంది. ఉన్న ఇల్లు అమ్మి ఆ డబ్బు ఇక్కడ పెట్టిన తర్వాత ఆ షరతు బయటపడితే ఎనభై ఏళ్ళ మనిషి ఎక్కడికి పోతుంది చెప్పండి? నోటిమాట నమ్మకుండా ఒప్పందం కాగితంలో చూడండి.

కేంద్ర ప్రభుత్వం రిటైర్మెంట్ ఇళ్ళ గురించి 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. కట్టినవాళ్ళు, సేవలందించేవాళ్ళు, ఇల్లు తీసుకున్నవాళ్ళు - ముగ్గురి మధ్యా ఒప్పందం ఉండాలన్నది అందులో ముఖ్యమైన మాట. రెరా చట్టం (2016) కింద నమోదైందో లేదో కూడా చూసుకోవాలి. అయితే ఆ చట్టం కట్టడం సంగతి చూస్తుందిగానీ రాత్రి మాత్ర ఎవరు వేస్తారో చూడదు. అది మీరే రాయించుకోవాలి. దంపతుల్లో ఒకరు పోతే రెండోవారి పరిస్థితేమిటి, డిపాజిట్ ఎంత వెనక్కిస్తారు, నెలసరి ఖర్చు ఏటా ఎంత పెంచుతారు - ఇవీ అడగండి.

కేర్ హోమ్ చూడ్డానికి వెళ్తే గోడల రంగు కాదు, వాసన చూడండి. రాత్రి డ్యూటీలో ఎంతమందికి ఒక నర్సు ఉంటుందో అడగండి. కదల్లేనివాళ్ళని రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెడుతున్నారా? లేకపోతే వీపున పుళ్ళు పడతాయి. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, కాలు జారని గచ్చు ఉందా? చెప్పకుండా వెళ్ళినా లోపలికి రానిస్తారా? రానివ్వమంటే ఆలోచించాల్సిందే.

చట్టం ఏమంటుంది?

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే పోషణ కోసం ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. ఆస్తి పిల్లల పేర రాసేటప్పుడు "నన్ను చూసుకోవాలి" అన్న షరతు దస్తావేజులో స్పష్టంగా రాయిస్తే, వాళ్ళు మాట తప్పినప్పుడు ఆ దస్తావేజు రద్దు కోరే వీలు 23వ సెక్షన్ ఇచ్చింది. ఇంటికి దూరంగా ఉండాలనుకునేవాళ్ళు కూడా చేతిలో ఉన్నదంతా ముందే రాసిచ్చెయ్యకుండా ఉంటేనే మేలు. సలహా కావాలంటే పెద్దల కోసం 14567 అనే ఉచిత ఫోను ఉంది.

ఇంట్లోనే ఉంచుకుంటాం అనేవాళ్ళతో పేచీ లేదు. కానీ ఆ "ఉంచుకోవడం"లో మంచం పక్కన నిద్ర కాచేది ఇంటి కోడలో కూతురో కదా! ఆవిడ నడుము సంగతి కూడా లెక్కలోకి రావాలి.

ఇక అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పని: పెద్దవాళ్ళనే అడగడం. అన్నదమ్ములు ఫోన్లలో తేల్చేసి ఆఖర్న అమ్మకి చెప్పడం కాదు. ఆవిణ్ణి వెంటబెట్టుకుని రెండు మూడు చోట్లు చూపించండి. వీలుంటే వారం రోజులు అక్కడ ఉండి చూడమనండి. అక్కడి సాంబారు నచ్చిందో లేదో, పక్కగది ఆవిడతో మాట కలిసిందో లేదో ఆవిడే చెబుతుంది. ఉండాల్సింది ఆవిడే కదా!