కుందేలు రక్తంలో పుట్టిన సాక్షి

యాసంగి పల్లి దిగే రోజుల్లో వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల మార్కెట్లలో ఎటు చూసినా కుప్పలే. కొనేవాడు గుప్పెడు కాయలు తీసుకుని చెవి దగ్గర ఆడిస్తాడు, ఒలిచి గింజ నలుపుతాడు, నోట్లో వేసుకుంటాడు. తేమ, గట్టితనం, నూనె అన్నీ ఆ గుప్పెట్లోనే తేలిపోతాయి. తేలనిది ఒక్క అఫ్లాటాక్సిన్. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వదిలే ఈ విషం కంటికి కనిపించదు, వేయించినా పూర్తిగా పోదు. కాయ ముదిరే వేళ నీరందక నేల వేడెక్కితే ఆ బూజు మట్టిలోనే కాయలోకి దూరుతుంది. అందుకే నీళ్లు కట్టే యాసంగి పంటకన్నా వానను నమ్ముకున్న వానాకాలం పంటకే ఈ బెడద ఎక్కువ.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోయాక, మేతలో కలిపిన బ్రెజిల్ పల్లి చెక్కను తవ్వితే ఈ విషం బయటపడింది. మన దగ్గరి కథ ఇంకా ఘోరం. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో బూజు పట్టిన మక్కలు తిని 397 మందికి కాలేయ జబ్బు చేసింది, వంద మందికి పైగా పోయారు. ఆ ఇళ్లలో అదే తిండి తిన్న కుక్కలూ బతకలేదు. దీని గుట్టు విప్పింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు.

కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి లోపలికి పోతే జరిగేది వేరు. కాలేయం ఈ విషాన్ని వదిలించుకోబోయి దాన్ని మరింత చురుకైన రూపంలోకి మారుస్తుంది. అది నేరుగా వెళ్లి డీఎన్ఏలోని గ్వానిన్ అనే బేస్‌కు అతుక్కుంటుంది. అలా అతుక్కున్న గ్వానిన్ ఒక్కోసారి దాని అణు వలయం తెగి, కణంలో రోజుల తరబడి కదలకుండా ఉండిపోతుంది. ఆ చోట డీఎన్ఏ నకలు తప్పుపడితే కేన్సర్‌కు దారి పడినట్టే.

చెడిన చోట డీఎన్ఏ పోగును కొంత మేర కత్తిరించి, కొత్తది అల్లే ఎంజైముల బృందమే ఈ నష్టాన్ని మరమ్మతు చేస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2002లో నీల్-1 అనే ఎంజైమ్ వెలుగులోకి వచ్చింది. పాడైన ఒక్క బేస్‌ను మాత్రమే గిల్లి తీసేయడం దీని పద్ధతి. దాన్ని గుర్తించిన బృందాల్లో ఒకటి అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయానిది. ఆ పరిశోధన పత్రం మీద మొదటి రెండు ఇంటిపేర్లు బండారు, సుంకర. మన చెవికి కొత్తవేమీ కావు! 2017లో నీల్-1 లేకుండా పుట్టించిన ఎలుకలకు అఫ్లాటాక్సిన్ ఇచ్చి చూస్తే, మామూలు ఎలుకలకంటే వాటికి కాలేయ కేన్సర్ ఎక్కువగా వచ్చింది.

ఇంత చిన్న పనివాణ్ని కణంలో పట్టుకోవడానికి యాంటీబాడీ కావాలి. నీల్-1 ముక్కను బ్యాక్టీరియాలో తయారు చేయించి కుందేలుకు సూది వేస్తారు. కొన్ని వారాల్లో కుందేలు ఒళ్లు దాన్ని పరాయిదిగా గుర్తుపట్టి యాంటీబాడీలు పుట్టిస్తుంది. రక్తం తీసి, సీరం వేరుచేసి, శుద్ధి చేస్తే చివరికి ప్రయోగశాలకు చేరేది వేలెడంత సీసాలో 100 మైక్రోలీటర్లు, అంటే రెండు చుక్కలు. కణాల రసాన్ని జెల్‌లో పరిగెత్తించి, పొరమీదికి దించి, ఈ చుక్కను పలచన చేసి పోస్తే నీల్-1 ఉన్న చోట ఒక గీత తేలాలి.

తేలుతుంది కూడా. కానీ ఆ గీత నీల్-1దేనా? యాంటీబాడీ పోలికలున్న వేరే ప్రొటీన్‌నూ పట్టుకోగలదు. ఇలాంటి తప్పుడు సాక్ష్యాలను నమ్మి ఏళ్ల శ్రమ బూడిదలో పోసుకున్న ప్రయోగశాలలు లోకమంతా ఉన్నాయి. సీసా మీది చీటీని కాక, నీల్-1 తీసేసిన కణాలను నమ్మాలి. వాటిలోనూ గీత కనిపిస్తే ఆ యాంటీబాడీని పక్కన పెట్టాల్సిందే.

పల్లిలోని విషాన్ని పట్టే యాంటీబాడీ దీనికి పెద్దన్న. దానితో మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కూ పాత అనుబంధమే ఉంది. 1987 అక్టోబర్‌లో అక్కడ అఫ్లాటాక్సిన్‌పై అంతర్జాతీయ సదస్సు జరిగింది. యాంటీబాడీతో కొలిచే ఎలిసా పద్ధతిలో పల్లీలో ఈ విషాన్ని కొలవడంపై ఒక పత్రం ఆ సదస్సు సంపుటిలో ఉంది. చిక్కేమిటంటే, అఫ్లాటాక్సిన్ అణుభారం 312 మాత్రమే. అంత చిన్నదాన్ని కుందేలు ఒళ్లు ఖాతరు చేయదు. అందుకని దాన్ని ఆవు రక్తంలోని అల్బుమిన్‌కు అంటించి ఇస్తారు.

పరీక్ష కూడా తిరగేసినట్టు ఉంటుంది. ప్లేటు గుంటల అడుగున ముందే అఫ్లాటాక్సిన్ అంటించి ఉంచుతారు. పల్లి రసాన్ని యాంటీబాడీతో కలిపి అందులో పోస్తారు. రసంలో విషముంటే బస్సు సీటు మీద కర్చీఫ్ వేసినట్టు యాంటీబాడీని అదే ముందు ఆక్రమిస్తుంది, అడుగున అంటుకోవడానికి ఏమీ మిగలదు. కాబట్టి చిక్కటి పసుపు రంగు వస్తే సరుకు మంచిది, రంగు వెలిసిపోతే చెడ్డది. ఈ చవక పరీక్ష అండతోనే మలావీ రైతుల పల్లీ తిరిగి యూరప్ గడప తొక్కింది. 2016లో ఇక్రిశాట్ ఇదే సూత్రంతో పావుగంటలో ఫలితం చెప్పే చేతి కిట్‌ను ప్రకటించింది. ఖర్చు రెండు డాలర్లలోపు.

నా దృష్టిలో అసలు తంటా యాంటీబాడీది కాదు, గుప్పెడు నమూనాది. విషం కుప్పంతా సమంగా ఉండదు. వేల గింజల్లో ఏ ఒకటో రెండో మొత్తం బస్తాను చెడగొడతాయి. కిలోకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని మన నిబంధన. ఆ చెడ్డ గింజ గుప్పెట్లో పడకపోతే చెడ్డ బస్తా కూడా గట్టెక్కుతుంది, పడితే సగటున పరిమితిలోపు ఉన్న బస్తా కూడా చెడ్డదిగా తేలుతుంది. అందుకే బస్తా బస్తా నుంచి కొంత తీసి, అంతా కలిపి పిండి చేశాకే పరీక్షించాలి. మార్కెట్ హడావుడిలో అంత ఓపిక ఎవరికుంటుంది?

ముడుచుకుపోయిన, రంగు మారిన గింజలను ఏరేస్తే విషం చాలావరకు వాటితోనే పోతుంది. ఏరేసినవి మాత్రం ఎక్కడికీ పోవు, గానుగకు చేరతాయి. నూనెలోకి దిగేది తక్కువ, చెక్కలో మిగిలేదే ఎక్కువ. ఆ చెక్క బర్రె తింటుంది. బర్రె కాలేయం దాన్ని ఎం-1 అనే రూపంలోకి మార్చి పాలలోకి వదులుతుంది. పాలలో దానికి పరిమితి కిలోకు అర మైక్రోగ్రామే. దాన్ని పట్టడానికీ వేరే యాంటీబాడీ ఉంది.