మీ కాగితం స్కాన్ చేశాక ఎటు వెళ్తుంది?

"అన్నీ కంప్యూటరులో ఎక్కించేశారు కదండీ, మళ్లీ ఈ పాత కాగితాలన్నీ మోసుకు రమ్మంటారేంటి?"

ఓ.పి. కౌంటరు దగ్గర ఈ ప్రశ్న మేము వినని రోజు లేదు. అడగవలసిన ప్రశ్నే. తాడేపల్లిగూడెంలో తీయించిన ఎక్స్‌రే, ఏలూరులో చేయించిన రక్తపరీక్ష, కిందటేడు డిశ్చార్జి కాగితం అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని కొల్లేరు లంకల నుంచి ఆటో, బస్సు మారి రావడం ఎంత కష్టమో మాకు తెలుసు. అందుకే కాగితం స్కాన్ చేసిన తరువాత ఏమవుతుందో ఈ సంచికలో వివరిస్తున్నాము. ఇది తెలిస్తే ఏ కాగితం జాగ్రత్త చేయాలో, కౌంటరు దగ్గర ఏమేమి సరిచూసుకోవాలో మీకే బోధపడుతుంది.

ముందుగా ఒక మాట. ఇక్కడ స్కానింగ్ అంటే గర్భిణులకు తీసే కడుపు స్కానింగ్ కాదు, తలకు తీసే సి.టి. స్కాన్ కూడా కాదు. కాగితాన్ని యంత్రం మీద పెట్టి, దాని బొమ్మను కంప్యూటరులో దాచడం. ఇది సగం పని మాత్రమే. ఆ బొమ్మ సరైన మనిషి పేరు మీద చేరాలి, చూడవలసిన వారి ముందుకు సమయానికి రావాలి. ఈ రెండూ జరగకపోతే కాగితం కంప్యూటరులో ఉన్నా లేనట్టే.

ఇది కొత్త సంగతి కాదు

మన రాష్ట్రంలో ఈ పద్ధతి పెద్ద ఎత్తున మొదలైంది ఆసుపత్రుల్లో కాదు, రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో. 1998లో 'కార్డ్' అనే పథకం కింద సబ్ రిజిస్ట్రారు ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు దస్తావేజులను పెద్ద పుస్తకాల్లో చేత్తో నకలు రాసేవారు. ఆ తరువాత స్కాన్ చేసి దాచడం మొదలుపెట్టారు. పొలం, స్థలం కొన్నవారికి ఇది తెలిసిన విషయమే.

ఆసుపత్రులకు ఈ పద్ధతి బాగా అలవాటైంది ఆరోగ్యశ్రీతో. ఆ పథకం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, 2008 జూలై నాటికి అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఇప్పుడు అది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఈ పథకంలో ఆపరేషనుకు ముందే రోగి కార్డు, పరీక్షల రిపోర్టులు, డాక్టరు రాసిన వివరాలు కంప్యూటరు ద్వారా ట్రస్టుకు పంపాలి. అక్కడి డాక్టర్లు చూసి అనుమతి ఇవ్వాలి. అందులో ఒక్క రిపోర్టు కనపడక వెనక్కి వచ్చిందంటే, మంచం మీద ఉన్న రోగికి అది నిరీక్షణే. అందుకే కాగితం విలువ మందు విలువకు తక్కువ కాదని మేము అంటుంటాము.

కాగితం నడిచే దారి

ఈ పని చేసే కంప్యూటరు పద్ధతిని డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అంటారు. దీన్ని ఒక పెద్ద బీరువా అనుకోండి, దానితోపాటు కాగితాన్ని బల్ల నుంచి బల్లకు చేరవేసే మనిషి అనుకోండి. పని ఇలా జరుగుతుంది.

మొదట కాగితాలు సర్దుతారు. స్టేపిలు పిన్నులు తీసి, మడతలు సరిచేసి, తేదీల వారీగా పెడతారు. పిన్ను ఉండగా యంత్రంలో పెడితే కాగితం చిరుగుతుంది, యంత్రం అద్దానికి గీతలు పడతాయి.

రెండవది స్కాన్. సన్నని అక్షరాలు కూడా చదవగలిగేంత స్పష్టంగా తీయాలి. వెనుక వైపు రాసి ఉంటే అదీ తీయాలి. మందు మార్చినప్పుడు చీటీ వెనుక రాసే అలవాటు చాలామంది డాక్టర్లకు ఉంది.

మూడవది పేరు పెట్టడం. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఆ బొమ్మ ఎవరిది, ఏ తేదీది, ఏ రకం కాగితం అన్నది రోగి నంబరుతో సహా నమోదు చేస్తారు. అచ్చు అక్షరాలను కంప్యూటరు కొంతవరకు తానే చదువుతుంది గాని, చేతిరాతను నమ్మదగినట్టు చదవలేదు. కాబట్టి మనిషి చూసి రాయవలసిందే.

నాల్గవది సరిచూడటం. స్కాన్ చేసిన వారు కాక వేరొకరు తెరిచి చూసి, పేజీలన్నీ వచ్చాయా, తలకిందులుగా ఉన్నాయా అని పరిశీలించాలి.

అయిదవది పంపడం. ల్యాబు రిపోర్టు రాసిన డాక్టరుకు, డిశ్చార్జి కాగితం బిల్లింగుకు, పథకం కింద చేరిన వారి కాగితాలు ఆ విభాగానికి వెళ్తాయి. ఒకరు చూసి ముగించాకే తరువాతి వారి వరుసలోకి వస్తుంది. ఎవరి దగ్గర ఎంతసేపు ఆగిందో కూడా కంప్యూటరు గుర్తుపెట్టుకుంటుంది. పాత రోజుల్లో ఫైలు ఏ బల్ల మీద ఉందో వెతకడానికి మనిషి వార్డులన్నీ తిరగాల్సి వచ్చేది.

ఒక్క పేరు తేడా చేసే నష్టం

పై దారిలో పొరపాటుకు ఎక్కువ అవకాశం ఉన్నది మూడవ మెట్టులో. ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవారు ఇద్దరు ముగ్గురు ఒకే రోజు వస్తారు. మన సంఘ కుటుంబాల్లో మరో చిక్కు కూడా ఉంది. బాప్తిస్మం నాటి పేరు ఒకటి, రేషన్ కార్డులో ఉన్న పేరు మరొకటి, ఇంట్లో పిలిచే పేరు ఇంకొకటి. ఒకసారి మరియమ్మ అని, మరోసారి కార్డులో ఉన్న పేరు చెబితే కంప్యూటరు ఇద్దరు మనుషులనుకుని రెండు ఫైళ్లు తెరుస్తుంది. మొదటి ఫైలులో "పెన్సిలిన్ పడదు" అని ఎర్ర సిరాతో రాసి ఉన్నా, రెండవ ఫైలు తెరిచిన డాక్టరుకు అది కనపడదు. ఇది చిన్న విషయం కాదు, ప్రాణానికి సంబంధించినది.

ఊరి వివరం కూడా మారింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు కైకలూరు ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండగా, ఆ జిల్లా కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది. పాత కాగితంలో ఒక జిల్లా, కొత్త కాగితంలో మరో జిల్లా ఉంటే కంగారు పడకండి. ఊరు, మండలం సరిగా చెబితే చాలు.

ఏలూరు నేర్పిన పాఠం

2020 డిసెంబరు మొదటివారం మన ఏలూరు వారెవరూ మరచిపోరు. 5వ తేదీ నుంచి జనం ఉన్నట్టుండి మూర్ఛలతో, వాంతులతో పడిపోయారు. కొద్ది రోజుల్లోనే ఆరు వందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. రక్తం, నీరు, ఆహారం నమూనాలను ఢిల్లీ ఎయిమ్స్‌కు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు, ఇంకా ఇతర ప్రయోగశాలలకు పంపారు. కొందరి రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. పురుగుమందుల అవశేషాల మీద కూడా పరిశోధన సాగింది.

అటువంటి సమయంలో రక్తం సీసా ఒక్కటే సరిపోదు. ఆ రక్తం ఎవరిది, ఏ వీధి, ఏ కుళాయి నీరు తాగారు, ఎన్ని గంటలకు పడిపోయారు అన్న కాగితం దానికి జతగా ఉండాలి. సీసా ఒక ఊళ్లో, కాగితం మరో ఊళ్లో ఉంటే వచ్చిన ఫలితాన్ని ఎవరికి అన్వయించాలో తెలియదు. కాగితం సరైన చోటికి చేరడం ఒక్క రోగికే కాదు, ఊరందరికీ మేలు.

నీళ్లు, ఎండ, లామినేషన్

2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరులోకి చేరినప్పుడు లంక గ్రామాల దారులు మునిగాయి. ఇలాంటి వరదల్లో ట్రంకు పెట్టెలో అడుగున పెట్టిన కాగితాలే ముందు తడుస్తాయి. ఆసుపత్రిలో స్కాన్ చేసిన ప్రతి ఉంటే నకలు తీసుకోవచ్చు. లేకపోతే ఏళ్ల చికిత్స వివరం పోయినట్టే.

తడి ఒక్కటే కాదు. ఇ.సి.జి. చాలాచోట్ల వేడికి నల్లబడే కాగితం మీద వస్తుంది. దాని మీది గీతలు ఎండకు, వేడికి, కాలానికి వెలిసిపోతాయి. భద్రంగా ఉంటుందని కొందరు లామినేషన్ చేయిస్తారు. ఆ వేడికి కాగితమంతా నల్లగా మారవచ్చు. ఇ.సి.జి. తీసిన వెంటనే జిరాక్సు తీయించండి లేదా స్కాన్ చేయించండి. ఛాతీనొప్పితో వచ్చిన రోగికి పాత ఇ.సి.జి. పక్కన పెట్టి చూస్తే, గుండెలో మార్పు ఇప్పుడు వచ్చినదా, ముందు నుంచీ ఉన్నదా అని డాక్టరు తేల్చుకోగలరు.

ఎవరు చూడవచ్చు?

కంప్యూటరులో ఉంటే అందరూ చూస్తారన్న భయం కొందరికి ఉంది. మంచి పద్ధతిలో ప్రతి ఉద్యోగికి వేరే పాస్‌వర్డు ఉంటుంది. బిల్లు రాసేవారికి బిల్లుకు కావలసినవే కనపడాలి. ఎవరు, ఎప్పుడు, ఏ ఫైలు తెరిచారో నమోదవుతుంది.

మీ అనుమతితో ఒక ఆసుపత్రి కాగితాలు మరో ఆసుపత్రికి అందే పద్ధతి కూడా దేశంలో ఉంది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో ప్రతివారికి 'ఆభా' అనే 14 అంకెల నంబరు ఇస్తారు. రిపోర్టులు వాటిని తయారుచేసిన ఆసుపత్రిలోనే ఉంటాయి. మీరు ఒప్పుకుంటేనే మరొకరికి అందుతాయి. అయితే ఆభా బీమా కార్డు కాదు. ఆ నంబరు ఉన్నంత మాత్రాన వైద్యం ఉచితం కాదని గమనించగలరు.

ఇంకొక మనవి. ప్రార్థన కోరుతూ రిపోర్టుల ఫోటోలు సంఘం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం చూస్తున్నాము. ఆసుపత్రి ఎంత జాగ్రత్తపడినా అక్కడ పెట్టిన కాగితం ఎన్ని ఫోన్లకు చేరుతుందో ఎవరూ ఆపలేరు. ప్రార్థనకు పేరు చాలు, రిపోర్టు అక్కరలేదు.

మీకున్న హక్కు

2002 నాటి భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు ఉంచాలి. రోగి గాని, అధికారం ఇచ్చిన బంధువు గాని కోరితే 72 గంటల్లోగా నకలు ఇవ్వాలి. రికార్డులను కంప్యూటరులో ఉంచే ప్రయత్నం చేయాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. మూడేళ్లు దాటిన కాగితం ఏ ఆసుపత్రిలోనైనా దొరక్కపోవచ్చు. కాబట్టి ఆపరేషను వివరాలు, బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి కాగితం మీరు జీవితాంతం దాచుకోండి.

ఇంట్లో మీరు చేయవలసినవి

1. ఆసుపత్రికి ఎప్పుడు వచ్చినా ఒకే పేరు చెప్పండి. ఆధార్‌లో ఉన్న పేరైతే మేలు. మరో పేరుతో పాత ఫైలు ఉంటే ఆ సంగతి కౌంటరులో చెప్పి రెండూ కలిపించండి.

2. ఓ.పి. చీటీ మీది నంబరును పాకెట్ పుస్తకంలో రాసుకోండి. ఇంట్లో మరొకరికి కూడా తెలియనివ్వండి.

3. చీటీ చేతికి రాగానే పేరు, వయసు, ఊరు చదివి చూడండి. చదువు రానివారు పక్కవారితో చదివించుకోండి. తప్పుంటే అప్పుడే దిద్దించండి.

4. ఏదైనా మందు పడకపోతే ప్రతిసారీ నోటితో చెప్పండి. ఫైలులో ఉంది కదా అని ఊరుకోవద్దు.

5. బయట చేయించిన పరీక్షల కాగితాలు తప్పక తెండి. స్కాన్ చేశాక అసలు కాగితం తిరిగి అడిగి తీసుకోండి.

6. కాగితాలను జిప్ కవరులో పెట్టి, వరద నీరు అందని ఎత్తులో ఉంచండి. కాగితాల మీద పిన్నులు, మడతలు లేకుండా చూడండి.

7. ఫోనుతో ఫోటో తీస్తే పగటి వెలుతురులో, నాలుగు మూలలూ కనిపించేలా, నీడ పడకుండా తీయండి.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. మా దగ్గర స్కాన్ చేసిన కాగితాలను మళ్లీ మోయనక్కరలేదు, మీ నంబరు చాలు. మరోచోట చేయించినవి, మా కంప్యూటరుకు తెలియనివి మాత్రం తీసుకురండి. సందేహం ఉంటే రికార్డుల గదిలో అడగండి. మీ ఫైలు తెరిచి, అందులో ఏమేమి ఉన్నాయో మీకు చూపిస్తాము.