కలిగిరా, కనిగిరా?

నేటి నెల్లూరు జిల్లా పటంలో కలిగిరి ఉంది, కనిగిరి లేదు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా కనిగిరి కూడా నెల్లూరు జిల్లాలోదే. మనకిది చిన్న సంగతి. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లోనో ఫిజీలోని సువాలోనో ఉండి ముత్తాత పుట్టిన ఊరు వెతుక్కునే మనిషికి మాత్రం ఇక్కడే దారి తప్పుతుంది. ఇంగ్లీషు రాతలో ఈ రెండు ఊళ్లకూ ఒక్క అక్షరమే తేడా. ఓడరేవులో తెలుగు రాని గుమాస్తా చెవినబడినట్టు రాసుకున్న పేరులో ఆ అక్షరమేదో తేల్చుకోవడం కష్టం.

1860 అక్టోబరులో మద్రాసులో బయల్దేరిన ట్రూరో ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. డర్బన్ ఉన్న నాటాల్‌లోని చెరకు తోటలకు ఒప్పంద కూలీలను తెచ్చిన తొలి ఓడ అదే. 1911 దాకా అలా వెళ్లినవారు 1,52,184 మంది. వాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసులోనే ఓడెక్కారు. మారిషస్‌కు 1834 నుంచీ, ఫిజీకి మద్రాసు రేవులో 1903 నుంచీ ఇలాగే వెళ్లారు. నెల్లూరు జిల్లావాళ్లూ వీళ్లలో ఉన్నారు. ఉదయగిరి, ఆత్మకూరు వైపు అంతా మెట్ట. వాన తప్పితే పనీ లేదు, తిండీ లేదు. 1876-78 నాటి ధాత కరువు ఈ జిల్లానూ వదల్లేదు.

ఓడెక్కిన ప్రతి మనిషికీ ఒక కాగితం ఉండేది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది మచ్చ కూడా అందులో రాసేవారు. ఇంటిపేరుకు మాత్రం గడి లేదు. అసలు చిక్కంతా దీనితోనే వచ్చింది. అక్కడ తండ్రి పేరో, నాయుడు, రెడ్డి వంటి మాటో కుటుంబం పేరుగా స్థిరపడిపోయింది. ఇక్కడ ఊళ్లో ఎవరినడిగినా మొదట అడిగేది ఇంటిపేరే.

1763లో రష్యా రాణి రెండో కేథరిన్ పిలిస్తే వోల్గా ఒడ్డుకు వలసపోయిన జర్మన్ రైతుల వారసులు కూడా ఇలాగే వెతుకుతారు. వాళ్లకు చర్చి పుస్తకాలున్నాయి. పుట్టుక, పెళ్లి, చావు అన్నీ కుటుంబం పేరుతోనే అందులో నమోదై ఉంటాయి. మన పల్లెల్లో దానికి సాటివచ్చేవి భూమి దస్త్రాలే. సెంటు భూమి లేక ఊరు విడిచినవాడి పేరు వాటిలో ఎందుకుంటుంది?

అందుకే ఇంట్లో నిలిచిన చిన్న గుర్తులే నాకు ఎక్కువ విలువైనవిగా తోస్తాయి. ఇలవేల్పు ఎవరు, గోత్రమేమిటి, అవ్వ నోట విన్న చెరువు పేరేమిటి? ఆ చెరువు పేరొక్కటే కలిగిరినీ కనిగిరినీ విడదీయగలదు. మండలాలు 1985లో వచ్చాయి కనుక పాత కాగితాల్లో తాలూకా పేరే చూడాలి. ఆత్మకూరైతే మరింత జాగ్రత్త కావాలి, ఆ పేరుతో తెలుగునాట చాలా ఊళ్లున్నాయి.

ఈ పని సగం మన చేతిలో ఉంది. ఓడెక్కి పోయి తిరిగిరాని మనిషి మాట మీ ఇంట్లో ఎప్పుడైనా వినబడి ఉంటే, ఆ పేరూ, తండ్రి పేరూ, ఇంటిపేరూ పెద్దవాళ్లుండగానే రాసిపెట్టండి.