అతిథుల ఊరు

ఆష్విట్జ్ పేరు వినని వారు అరుదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నాజీలు దాదాపు 11 లక్షల మందిని చంపిన శిబిరమది. వారిలో సుమారు 10 లక్షల మంది యూదులే! అయితే శిబిరం కన్నా ఎంతో ముందే అక్కడ సోవా నది ఒడ్డున ఒక చిన్న పట్టణముంది. పోలెండు వారు దాన్ని ఓష్వియెంచిమ్ అంటారు. ఆష్విట్జ్ అన్నది జర్మన్లు పిలిచిన పేరు. అక్కడి యూదులు మాత్రం తమ ఊరిని ఓష్పిత్సిన్ అని పిలుచుకునేవారు. యేసుప్రభువు మాట్లాడిన అరామిక్ భాషలో 'ఉష్పిజిన్' అంటే అతిథులు. ఊరి పేరులో వారికి ఆ తీపి మాటే వినిపించేది. పర్ణశాలల పండుగలో అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు తదితర పితరులను తమ పర్ణశాలకు అతిథులుగా ఆహ్వానించి, వారి పేరిట పేదలకు అన్నం పెట్టడం యూదుల ఆచారం.

యూదులు 16వ శతాబ్దం నుండే ఆ ఊళ్లో ఉన్నారు. 1939 నాటికి వారి సంఖ్య సుమారు 8 వేలు, అంటే ఊరి జనాభాలో సగానికి పైగా! పక్క పక్క ఇళ్లలో యూదులు, క్రైస్తవులు కలిసి బతికారు. ఆ ఏడాది సెప్టెంబరులో జర్మన్ సైన్యం వచ్చింది. నవంబరులో ఒక రాత్రి అక్కడి పెద్ద సమాజమందిరాన్ని తగులబెట్టారు. 1940లో ఊరి పక్కనే శిబిరం వెలిసింది. 1941 ఏప్రిల్‌లో యూదులందరినీ వెళ్లగొట్టి సమీప పట్టణాలకు తోలేశారు. తర్వాత వారిలో ఎందరినో రైళ్లలో తిరిగి తెచ్చారు. సొంత ఊరి పొలిమేరలోనే చంపడానికి!

ఇది చేసిందెవరు? వారిలో చాలామంది పసితనంలో చర్చిలో బాప్తిస్మం పొందినవారే. యూదుల సమాజమందిరాలను తగులబెట్టాలని 1543లో రాసింది మరెవరో కాదు, మనం గౌరవించే మార్టిన్ లూథరే! లూథరన్ సంఘాలు తర్వాత ఆ రాతలను బహిరంగంగా ఖండించాయి. కానీ అప్పటికే ఆలస్యమైంది. విశ్వాసవీరుడి కలం నుండి జారినా విషం విషమే.

2004లో ఆ పెద్ద మందిరం స్థలాన్ని తవ్వితే మట్టిలో దీపాలు, దీపస్తంభాలు బయటపడ్డాయి. ఊళ్లో మిగిలిన చివరి యూదుడు 2000లో కన్నుమూశాడు. యుద్ధం తర్వాత కొంతకాలం తివాచీల గోదాముగా మారిన ఒక చిన్న సమాజమందిరాన్ని అదే ఏడాది బాగుచేసి తెరిచారు. ఇప్పుడందులో ప్రార్థించేది ఎక్కడెక్కడి నుండో వచ్చే యాత్రికులే. అతిథుల ఊరిలో ఇక మిగిలింది అతిథులే!

ప్రియ చదువరీ, ఒక్కసారి ఆలోచించండి. 1941లో యేసుప్రభువు ఆ వీధిలో నివసించి ఉంటే ఆయన్నూ వెళ్లగొట్టేవారు. ఆయన యూదుడు. మరియమ్మ, పేతురు, పౌలు కూడా ఆ వరుసలోనే నిలబడేవారు. ఆదివారం ఆరాధించే ప్రభువునే సోమవారం గెంటేశామని ఎందరికి తెలిసింది? పరదేశిని చేర్చుకుంటే తనను చేర్చుకున్నట్టేనని ఆయన ముందే చెప్పాడు (మత్తయి 25). కులం, మతం, ప్రాంతం పేరిట మన నోట వచ్చే చిన్న ఎగతాళి మాట రేపు ఎవరి ఇంటికి నిప్పవుతుందో మనకు తెలియదు. ద్వేషం మొదట మాటగానే పుడుతుంది. దాన్ని మన నోట్లోనే ఆపేద్దాం. పొరుగువాడికి తలుపు తీసిన ఇంట్లోనే ప్రభువు అతిథిగా అడుగుపెడతాడు.