తెరపై అంకె, ట్యాంకులో నీరు

నీటి శుద్ధి కేంద్రాలలోనూ కర్మాగారాలలోనూ కంట్రోల్ రూములో కూర్చునే ఆపరేటరుకు ట్యాంకులు, పంపులు నేరుగా కనిపించవు; వాటి స్థితిని తెలిపే అంకెలే తెరపై కనిపిస్తాయి. సెన్సార్ల సంకేతాలను పీఎల్‌సీ అనే పారిశ్రామిక కంప్యూటరు స్వీకరిస్తే, ఆ విలువలను తెచ్చి తెరపై చూపే పనిని స్కాడా సాఫ్ట్‌వేరు చేస్తుంది. ఈ రెండింటినీ కలిపే పేరే ట్యాగ్. పీఎల్‌సీ మెమరీలో ఏ చిరునామాను చదవాలి, అక్కడున్నది ఏ రకం సంఖ్య, దానిని మీటర్లలోకో డిగ్రీలలోకో ఎలా మార్చాలి, వచ్చిన విలువ నమ్మదగినదేనా అన్న నాలుగు వివరాలు ఆ పేరు వెనుక ఉంటాయి. ట్యాగ్ విలువ మారినప్పుడో, నిర్ణీత వ్యవధికొకసారో నడిచే ఆదేశాల వరుసను స్క్రిప్ట్ అంటారు. స్క్రిప్ట్ పని తప్పినప్పుడు దృష్టి సహజంగా అందులోని ఆదేశాల మీదికే పోతుంది గాని, దోషం తరచుగా అది చదివే ట్యాగ్‌లోనే దాగి ఉంటుంది.

ఉదాహరణకు, 10 మీటర్ల ట్యాంకులో మట్టాన్ని కొలిచే పరికరం ఖాళీకి 4, నిండుకు 20 మిల్లీఆంపియర్ల విద్యుత్తును పంపుతుండగా, మట్టం 9 మీటర్లు దాటగానే పంపును ఆపమని స్క్రిప్ట్‌లో రాసి ఉన్న ఏర్పాటును పరిశీలించవచ్చు. సీమెన్స్ ఎస్7 తరగతి పీఎల్‌సీలలో ఆ సంకేతం 0 నుంచి 27648 వరకు ఉండే సంఖ్యగా మారుతుంది. ట్యాగ్‌ను అమర్చినవారు దానికి బదులు గుర్తుతో కూడిన 16 బిట్ల సంఖ్యకు గరిష్ఠ విలువైన 32767ను నిండు ట్యాంకుగా నమోదు చేస్తే, నీరు అంచుదాకా వచ్చినా తెరపై 8.44 మీటర్లే కనిపిస్తుంది. స్క్రిప్ట్‌లో ఒక్క అక్షరం తప్పు లేకపోయినా పంపు ఆగదు, నీరు పొర్లిపోతుంది. సంఖ్య రకం తప్పినా ఇంతే: గుర్తు లేని 16 బిట్ల సంఖ్యగా 40000 ఉన్న విలువను గుర్తుతో చదివితే అది మైనస్ 25536 అవుతుంది.

కొలత 0 వద్ద గాక 4 మిల్లీఆంపియర్ల వద్ద మొదలు కావడానికీ కారణముంది. తీగ తెగితే విద్యుత్తు 0కు పడిపోతుంది కనుక, ఖాళీ ట్యాంకుకూ తెగిన తీగకూ తేడా తెలుస్తుంది. అప్పుడు ట్యాగ్ నాణ్యత ‘బ్యాడ్’గా మారేలా అమర్చవచ్చు; దానిని పట్టించుకోని స్క్రిప్ట్ చెల్లని విలువనే నిజమనుకొని పంపును నడిపిస్తుంది.

అందువల్ల పరిశీలన ట్యాంకు దగ్గర మొదలై తెర వైపు సాగాలి. మల్టీమీటరుతో విద్యుత్తును కొలిచి, పీఎల్‌సీలోని ముడి సంఖ్యను, ఆపై ట్యాగ్ విలువను పోల్చి చూస్తే ఏ మెట్టు వద్ద లెక్క తప్పిందో తేలిపోతుంది. అవన్నీ సరిపోయిన తరువాతే స్క్రిప్ట్ వంతు: అది అసలు మొదలవుతోందా, ఒకే ట్యాగ్‌లో మరొక స్క్రిప్ట్ కూడా విలువ రాస్తోందా అన్నవి చూడాలి. మధ్యలో వచ్చే విలువలను లాగ్‌లో నమోదు చేయిస్తే ఊహకు తావుండదు.

ఈ జాగ్రత్త ప్రాణాలకు సంబంధించినది. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ చమురు శుద్ధి కర్మాగారంలో ఒక టవరులో ద్రవం 150 అడుగులు దాటినా, సరిగా క్రమాంకనం చేయని పరికరం మట్టం 10 అడుగుల లోపే ఉన్నట్టు, పైగా తగ్గుతున్నట్టు చూపింది. మట్టాన్ని కంటితో చూడవలసిన గాజు గొట్టం మురికి పట్టి ఉంది. టవరు నిండి ద్రవం బయటికి పొంగడంతో జరిగిన పేలుడులో 15 మంది మరణించారు. తెర మీది ప్రతి అంకెనూ అప్పుడప్పుడు అసలు ట్యాంకుతో సరిపోల్చి చూడాలన్న నియమానికి, అలాంటి గాజు గొట్టాన్ని శుభ్రంగా ఉంచడమే మొదటి మెట్టు.