దర్యాప్తులో అసత్యం – చట్టం విధించే శిక్ష

న్యాయస్థానంలో ప్రమాణం చేసి అబద్ధమాడినవారికి శిక్ష పడుతుందని అందరూ ఎరిగినదే. ప్రమాణమన్నది లేని పోలీసు దర్యాప్తులో ఏమి చెప్పినా చెల్లుతుందని మాత్రం పలువురి నమ్మకం. స్నేహితుని కాపాడుటకో, పొరుగువానిపై కక్ష తీర్చుకొనుటకో ఒక మాట చెప్పి, “సంతకం పెట్టలేదు గదా” అని ఊరట చెందేవారు కలరు. ఈ నమ్మకం ఎంత ప్రమాదకరమో విద్యార్థులు గ్రహించవలెనని మా ఉద్దేశం.

1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నేర విచారణ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చాయి. సురక్షా సంహిత 180వ సెక్షను ప్రకారం, కేసు సంగతులు ఎరిగిన వ్యక్తి దర్యాప్తు అధికారి అడిగిన ప్రశ్నలకు నిజమైన సమాధానాలు చెప్పవలెను. ఆ వాంగ్మూలంపై సంతకం తీసుకోరాదని 181వ సెక్షను చెబుతున్నది. అయితే సంతకం లేనంత మాత్రాన నిజం చెప్పవలసిన బాధ్యత తొలగిపోదు.

ఇక శిక్షల సంగతి. నేరానికి సంబంధించి చట్టరీత్యా చెప్పవలసిన సమాచారాన్ని తెలిసి తెలిసి తప్పుగా చెబితే న్యాయ సంహిత 212వ సెక్షను క్రింద రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. జరిగిన నేరాన్ని గురించి బుద్ధిపూర్వకంగా తప్పుడు సమాచారమిస్తే 240వ సెక్షను క్రింద కూడ అంతే శిక్ష. అధికారి తన అధికారంతో ఇతరులకు హాని చేయునట్లుగా అబద్ధం చెప్పడం 217వ సెక్షను క్రిందికి వస్తుంది. పూర్వం దీనికి ఆరు నెలల జైలు, వేయి రూపాయల జరిమానా గరిష్ఠ శిక్షలు; నేడవి ఏడాది, పదివేలు అయినాయి.

అన్నిటికంటె తీవ్రమైనది తప్పుడు కేసు. ‘ఫిర్యాదు’ అను మాట పారసీకంలో పుట్టి, ఉర్దూతోపాటు తెలుగులోనూ స్థిరపడింది. ఆపదలో ఉన్నవాడు పెట్టే మొర అని దాని మూలార్థం. అట్టి మొరను నిరపరాధిపై ఆయుధంగా వాడితే 248వ సెక్షను క్రింద ఐదేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మోపిన నేరం మరణశిక్షకో, యావజ్జీవానికో, పదేళ్లు లేదా అంతకు మించిన శిక్షకో తగినదైతే పదేళ్ల వరకు జైలు, జరిమానా కూడ.

ఇది చదివి నిజమైన బాధితులు భయపడనక్కరలేదు. తెలిసి చెప్పిన అబద్ధమే నేరం. మరపు, పొరపాటు నేరాలు కావు. ముద్దాయి విడుదలైనంత మాత్రాన ఫిర్యాదు అబద్ధమని తేలినట్లూ కాదు. 217వ సెక్షను కేసును కోర్టు స్వీకరించుటకు సంబంధిత అధికారి, లేదా ఆయన పై అధికారి, వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవలెనన్న కట్టుబాటు కలదు.

మరి నిజం చెబితే తన మెడకే చుట్టుకొనేటప్పుడు ఏమి చేయాలి? చట్టం అందుకూ దారి చూపింది. తనను నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదని 180వ సెక్షనే అంటున్నది. రాజ్యాంగం 20(3) అధికరణం ముద్దాయికి ఈ రక్షణనే ఇచ్చింది. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ శతపథి పోలీసుల ప్రశ్నలకు జవాబివ్వ నిరాకరించిన కేసులో, ఈ రక్షణ పోలీసు విచారణ దశలోనూ వర్తిస్తుందని 1978లో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. ఈ విధంగా మౌనానికి చట్టం చోటిచ్చింది, కల్పనకు ఇవ్వలేదు.

మనం తేలికగా చెప్పిన ఒక్క మాటతో ఏ పాపమూ ఎరుగని యువకుడు జైలు పాలు కావచ్చు, అతని పరీక్షలు తప్పిపోవచ్చు. అసలు దోషి తప్పించుకొని తిరుగుతుంటాడు. కనుక చూసినది చూసినట్లు చెప్పుదాం. తెలియనిది తెలియదందాం. సందేహమున్నచోట వకీలును సంప్రదించిన తరువాతనే నోరు విప్పుదాం.