ముల్లంగి వేసే ముందు మట్టి చూపించండి

పాలకీడులో సాగర్ ఎడమ కాలువ కింద ఏళ్లుగా దమ్ము చేసిన మడుల్లో అడుగుమట్టి గట్టిపడి ఉంటది. ఇంటి కోసమని ఓ మూల ముల్లంగి, క్యారెట్ వేస్తే దుంప దిగదు, రెండు కాళ్లుగా చీలుతది.

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకం కింద మట్టిని 12 అంశాలకు పరీక్షిస్తారు. ఎరువు వేయకముందే, ఐదారు చోట్ల 15 సెంటీమీటర్ల లోతున మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో మీ ఏఈఓకు ఇవ్వండి. పేడకుప్ప పక్కన, చెట్టు కింద తీయొద్దు. చౌడని మీకై మీరే జిప్సం చల్లకండి, కార్డు చూశాకే.

తర్వాత అడుగు లోతు తవ్వి, గడ్డలు చితక్కొట్టి, రాళ్లు ఏరి, బోదెలు పోయండి. బాగా మాగిన పశువుల ఎరువే కలపండి. పచ్చిపేడ వేసినా దుంప చీలుతది. యూరియా ఎక్కువైతే ఆకే మిగులుతది.